పీక్ డిస్ట్రిక్ట్‌లో మూడు రోజులు: అమ్మానాన్నలతో ఎక్కడ ఉండాలి, ఏం తినాలి, ఏం చూడాలి?

వాడరేవు | కోవెంట్రీ

అందరికీ నమస్కారం. అమ్మానాన్నలు చీరాల నుంచి వచ్చి మా దగ్గర ఉంటున్నారు. లండన్, బాత్ చూపించాం. మ్యూజియాలు చూసి చూసి అలిసిపోయారు. "ఇక్కడి పల్లెటూళ్లు ఎలా ఉంటాయో చూపించమ్మా" అని నాన్నగారు అడుగుతున్నారు. సెప్టెంబరు చివరి వారంలో శుక్రవారం బయల్దేరి ఆదివారం సాయంత్రానికి తిరిగి వద్దామని అనుకుంటున్నాం. కారు ఉంది.

మా ఇంటి సంగతి ముందే చెబుతాను, దాన్ని బట్టి సలహా ఇవ్వండి. నాన్నగారు చేనేత సహకార సంఘంలో పనిచేసి రిటైరయ్యారు. పొద్దున, సాయంత్రం నడవకపోతే ఆయనకు తోచదు. అమ్మకు మోకాళ్ల నొప్పులు, మెట్లంటే భయం. గుడ్డు కూడా ముట్టదు. బాబుకు ఎనిమిదేళ్లు, వాడికి గుహలంటే పిచ్చి. మా ఆయనకు మంచి బీరు, మంచి భోజనం ఉంటే చాలు. నాకు మాత్రం ఎవరూ ఎవరి కోసమూ సర్దుకుపోకుండా అందరూ హాయిగా ఉండాలని ఉంది. పీక్ డిస్ట్రిక్ట్ అని మనసులో ఉంది. ఎక్కడ దిగాలి? అమ్మకు తిండి ఎలా?

బర్మింగ్‌హామ్ బాబాయి

అమ్మా, కోవెంట్రీ నుంచి కాట్స్‌వోల్డ్స్ దగ్గర కదా. తేనె రంగు రాతి ఇళ్లు, బోర్టన్‌లో ఊరి మధ్యగా పారే చిన్న నది, అంతా చదునే. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు అంతకంటే సుఖం ఏముంటుంది? మేం మా వియ్యాలవారిని అక్కడికే తీసుకెళ్లాం.

కొండగాలి | షెఫీల్డ్

బాబాయి గారూ, కాట్స్‌వోల్డ్స్ అందం కాదనను. కానీ ఒకరికి నడక, ఒకరికి గుహ, ఒకరికి కూర్చుని చూసే చోటు, అన్నీ అరగంట దూరంలోనే కావాలంటే పీక్ డిస్ట్రిక్టే సరి. బ్రిటన్‌లో మొట్టమొదటి నేషనల్ పార్కు ఇదే, 1951లో ఏర్పడింది. ఇంకో మాట: ఇక్కడివి బొమ్మల్లా నిలబెట్టిన ఊళ్లు కావు. గొర్రెల మందలుంటాయి, సంత జరుగుతుంది, పాత సీసపు గనుల ఆనవాళ్లుంటాయి. పల్లెటూరు చూడాలన్న పెద్దాయనకు చూపించాల్సింది అదే.

వాడరేవు గారూ, ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. ఈ పార్కులో రెండు రకాల నేలలున్నాయి. ఉత్తరాన నల్లటి ఇసుకరాతి కొండలు, కుళ్లిన నాచు పేరుకున్న పీట్ బురద, గాలి. దాన్ని డార్క్ పీక్ అంటారు. కిండర్ స్కౌట్, ఈడేల్, లేడీబవర్ అటువైపే. దక్షిణాన సున్నపురాయి నేల, పచ్చటి లోయలు, రాతి గోడలు, గుహలు. అది వైట్ పీక్. బేక్‌వెల్, హార్టింగ్టన్, డవ్‌డేల్ అటువైపు. కాజిల్‌టన్ సరిగ్గా రెండింటి మధ్య ఉంటుంది.

మీ కుటుంబానికైతే బేక్‌వెల్‌లో గానీ, చుట్టుపక్కల ఊళ్లలో గానీ దిగమంటాను. హోటల్ వద్దు, వంటిల్లున్న కాటేజీ తీసుకోండి. అమ్మగారు పొద్దున ఇంత అన్నం, చారు పెట్టుకుంటే ఆ రోజంతా మీకు టెన్షన్ ఉండదు. తాలింపు వేసేటప్పుడు కిటికీ తీసి, ఎగ్జాస్ట్ వేయండి. పాత ఇళ్లలో స్మోక్ అలారం వంటింటికి బాగా దగ్గరగా ఉంటుంది.

బుక్ చేసేముందు ఓనరును రెండు అడగండి: బెడ్రూమ్ కింద ఉందా, బాత్రూమ్ కింద ఉందా అని. పాత రాతి ఇళ్లలో మేడమెట్లు నిలువుగా, ఇరుకుగా ఉంటాయి. ఫొటోల్లో అది తెలియదు.

పుల్లట్టు | స్టాక్‌పోర్ట్

తిండి సంగతి నేను చెబుతాను. ఇది నాకు చాలా ఇష్టమైన విషయం, కొంచెం పెద్దగానే రాస్తున్నాను.

బేక్‌వెల్ వెళ్లినవాళ్లంతా పుడ్డింగ్ తినాలి. బేక్‌వెల్ టార్ట్ వేరు, బేక్‌వెల్ పుడ్డింగ్ వేరు. టార్ట్ అంటే బిస్కెట్‌లా విరిగే అడుగు, దాని మీద జామ్, ఆపైన బాదం కేకు. పైన ఐసింగ్, ఎర్ర చెర్రీ పెట్టి సూపర్‌మార్కెట్లో అమ్మేది దాని చుట్టమే. పుడ్డింగ్ అలా ఉండదు. పొరలు పొరలుగా పఫ్ పేస్ట్రీ గిన్నె, అడుగున జామ్, పైన గుడ్డు, వెన్న, బాదం కలిపిన మెత్తటి మిశ్రమం. చూడ్డానికి వంకరటింకరగా, మధ్యలో కుంగిపోయినట్టు, పైన మచ్చలు మచ్చలుగా కాలి ఉంటుంది. ఆ రూపం చూసి వెనక్కి రాకండి. వేడిగా కస్టర్డ్ పోయించుకుని తినండి. అంచు కరకరలాడుతుంది, మధ్యభాగం జున్నుకు, హల్వాకు నడుమ ఎక్కడో ఉంటుంది. పూర్వం ఊళ్లోని సత్రంలో వంటావిడ చెప్పింది ఒకటైతే చేసింది ఒకటి కావడంతో ఇది పుట్టిందని కథ చెప్తారు. అసలు రెసిపీ మాదంటే మాదని ఊళ్లో ఒకటికి మించి దుకాణాలు అంటుంటాయి. రెండు చోట్లా తిని మీరే తేల్చుకోండి.

కానీ టార్టులోనూ పుడ్డింగ్‌లోనూ గుడ్డు ఉంటుంది. అమ్మగారికి కుదరదు.

ఆవిడ కోసం డెర్బీషైర్ ఓట్‌కేక్ వెతకండి. బిస్కెట్ లాంటి స్కాట్లాండ్ ఓట్‌కేక్ కాదు ఇది. ఓట్స్ పిండి, గోధుమ పిండి, ఈస్ట్ కలిపి పులియబెట్టి పెనం మీద పోస్తారు. మన ఊతప్పానికి దూరపు బంధువులా మెత్తగా, చిల్లులు చిల్లులుగా ఉంటుంది. చీజ్, పుట్టగొడుగులు పెట్టి మడిచి ఇస్తారు. మామూలుగా ఇందులో గుడ్డు వేయరు. అయినా అడిగి తీసుకోండి. బేకరీలో ప్యాకెట్ కొనుక్కుంటే కాటేజీలో పెనం మీద వేడిచేసుకుని ఆవకాయతో తినొచ్చు. బ్రహ్మాండంగా ఉంటుంది.

గుడ్డు గురించి ఎక్కడైనా ఒక పద్ధతి ఉంది. ఈ దేశంలో 14 రకాల అలర్జీ పదార్థాల వివరాలు తిండి అమ్మేవాళ్లు చెప్పి తీరాలి. ఆ జాబితాలో గుడ్డు ఉంది, పాలు ఉన్నాయి. "మీ అలర్జెన్ ఫోల్డర్ చూడొచ్చా" అంటే తెచ్చి చూపిస్తారు. అలర్జీ ఉందని అబద్ధం ఆడక్కర్లేదు. మేం గుడ్డు తినం, ఏ వంటకాల్లో లేదో చూస్తామని చెబితే చాలు.

ఆ ఫోల్డర్‌లో దొరకనివి విడిగా అడగాలి. చిప్స్ ఏ నూనెలో వేయిస్తున్నారు? కొన్ని చోట్ల ఇంకా గొడ్డు కొవ్వులోనే వేయిస్తారు. గ్రేవీ మాంసపు రసంతో చేసిందా? చీజ్ వెజిటేరియనేనా? సంప్రదాయంగా చేసే చీజ్‌లో పాలు విరగడానికి దూడ పొట్టలోని రెన్నెట్ వాడతారు. ప్యాకెట్ మీద 'వెజిటేరియన్' అని ఉంటే నిశ్చింత.

వాడరేవు | కోవెంట్రీ

పుల్లట్టు గారూ, చిప్స్ సంగతి నాకు ఇప్పటిదాకా తెలియదు. చాలా థాంక్స్. అమ్మ బయట తినేది అవొక్కటే!

పబ్బుకు అమ్మానాన్నలను, బాబును తీసుకెళ్లొచ్చా? నాన్నగారు అసలు తాగరు. పబ్బు అనగానే అమ్మ మొహం మాడ్చుకుంటోంది.

తెనాలి టీ కొట్టు | డెర్బీ

తీసుకెళ్లండి అక్కా, ఏ సందేహమూ వద్దు. మా అత్తమ్మ కూడా మొదట ససేమిరా అంది. పొయ్యిలో కట్టెలు మండుతుంటే, కుర్చీ పక్కన ఎవరిదో ముసలి లాబ్రడార్ పడుకుని ఉంటే, ఇంతింత మగ్గుల్లో టీ తాగుతున్న నడకవాళ్లను చూశాక కుదుటపడింది. ఊరి పబ్బు అంటే ఊరందరి రచ్చబండ. ముసలమ్మలు వస్తారు, పిల్లలు వస్తారు, కుక్కలు వస్తాయి.

పద్ధతులు మాత్రం తెలిసి ఉండాలి. చాలాచోట్ల ఎవరూ టేబుల్ దగ్గరికి వచ్చి ఆర్డర్ తీసుకోరు. ముందు ఖాళీ టేబుల్ చూసుకుని, నంబరు గుర్తుపెట్టుకుని, బార్ దగ్గరికి వెళ్లి చెప్పి, డబ్బు కట్టేయాలి. తిండి వాళ్లే తెచ్చిస్తారు. బార్ దగ్గర క్యూ కనపడదు గానీ, ఎవరి తర్వాత ఎవరన్నది అక్కడున్న అందరికీ తెలుసు. మీ ముందు వచ్చినవాళ్లకు చోటిస్తే సంతోషంగా నవ్వుతారు.

అన్నిటికంటే ముఖ్యం వంటింటి వేళలు. పబ్బు రాత్రి 11 దాకా తెరిచున్నా వంట చాలాచోట్ల ఎనిమిదిన్నరకో తొమ్మిదికో ఆగిపోతుంది. మధ్యాహ్నం రెండు, రెండున్నర తర్వాత సాయంత్రం దాకా ఏమీ దొరకని ఊళ్లు ఉన్నాయి. మన ఇంటి అలవాటుగా మూడింటికి భోజనానికి వెళితే చిప్స్ ప్యాకెట్టే గతి. ఆదివారం రోస్ట్‌కు, అంటే కాల్చిన మాంసం, కూరగాయలతో పెట్టే మధ్యాహ్న భోజనానికి, ముందే టేబుల్ చెప్పుకోవాలి. శాకాహారులకు మాంసం బదులు గింజపప్పులతో చేసే నట్ రోస్ట్ ఉంటుంది. దాంతో వచ్చే యార్క్‌షైర్ పుడ్డింగ్ తీపి కాదు, పొంగిన రొట్టె లాంటిది. అందులో గుడ్డు ఉంటుంది, అది వద్దని చెప్పండి.

నాన్నగారికి జింజర్ బీర్ ఇప్పించండి. పేరులో బీరున్నా మామూలుగా మందు ఉండదు, అల్లం ఘాటు. ఎల్డర్‌ఫ్లవర్ కార్డియల్ అని పూల షర్బత్ ఉంటుంది, అది అమ్మకు నచ్చుతుంది.

హాప్స్ హనుమంతు | లీడ్స్

బావగారి సంగతి నేను చూసుకుంటా! బేక్‌వెల్ అనగానే బీరు తాగేవాళ్లకు గుర్తొచ్చేది థార్న్‌బ్రిడ్జ్. వాళ్ల బీరు పేరు 'జైపూర్', ఇండియా పేల్ ఏల్ రకం. 2005లో మొదలైంది. 5.9 శాతం, అంటే మామూలు పబ్బు బీరు కంటే గట్టిది. సగం పైంటుతో మొదలెట్టమనండి. పైంటు అంటే 568 మిల్లీలీటర్లు, తక్కువేం కాదు. బ్రూవరీ బేక్‌వెల్‌లోనే నది పక్కన ఉంది, టాప్‌రూమ్ కూడా ఉంది.

ఒక్కటే విన్నపం. చేతి పంపుతో లాగి పోసే కాస్క్ ఏల్ అడిగి తాగమనండి. అది ఐసులా చల్లగా ఉండదు, నేలమాళిగ చల్లదనంతో వస్తుంది, గ్యాసు తక్కువ. వేడిగా ఉంది, చప్పబడిపోయింది అని వెనక్కి పంపకూడదు. ఆ చల్లదనంలోనే హాప్స్, అంటే బీరుకు చేదునిచ్చే పువ్వుల వాసన తెలుస్తుంది. ఇక తాగినవాళ్లు స్టీరింగ్ ముట్టుకోకండి. రాతి గోడల మధ్య ఒక్క కారు పట్టే మలుపు రోడ్లవి, రాత్రి గొర్రెలు అడ్డం వస్తాయి.

కొండగాలి | షెఫీల్డ్

హనుమంతు అన్న చివరి మాటకు నూటికి నూరు మార్కులు. అందుకే నడిచి పబ్బుకు వెళ్లగలిగే ఊళ్లో దిగండి అంటాను. ఊరవతల ఒంటరి కాటేజీ ఫొటోలో బావుంటుంది, రాత్రి భోజనానికి ప్రతిసారీ కారు తీయాలి.

చార్మినార్ చాయ్ | మాంచెస్టర్

కారు లేనివాళ్ల కోసం ఒక ముక్క. మాంచెస్టర్ నుంచి షెఫీల్డ్‌కు హోప్ వ్యాలీ రైలు ఉంది. ఈడేల్, హోప్, బామ్‌ఫోర్డ్, హాథర్‌సేజ్, గ్రిండిల్‌ఫోర్డ్, అన్నీ చిన్న చిన్న స్టేషన్లు. దిగితే కొండే. మేం స్టూడెంట్లుగా ఉన్నప్పుడు ఆదివారం పొద్దున పులిహోర డబ్బా పట్టుకుని ఈ రైలెక్కేవాళ్లం. గ్రిండిల్‌ఫోర్డ్ స్టేషన్ పాత భవనంలోనే కేఫ్ ఉంది. పెద్ద మగ్గులో టీ, పళ్లెం నిండా చిప్స్. దాని పక్క నుంచే పాడ్లీ గార్జ్‌లోకి దారి. నాచు పట్టిన బండలు, ఓక్ చెట్లు, వాగు. ఎండాకాలం పిల్లలంతా ఆ నీళ్లలోనే ఉంటారు.

గుంటూరు గోంగూర | నాటింగ్‌హామ్

చాట్స్‌వర్త్ హౌస్ గురించి ఎవరూ చెప్పలేదేంటి? మొదట చూడాల్సింది అదే. డెవన్‌షైర్ డ్యూకుల ఇల్లు, పైకప్పులకు చిత్రాలు, శిల్పాల గ్యాలరీ, 105 ఎకరాల తోట. పిల్లాడికి ఫార్మ్‌యార్డ్, ఆటస్థలం ఉన్నాయి.

పుల్లట్టు | స్టాక్‌పోర్ట్

గోంగూర గారూ, ఇల్లు గొప్పదే. కానీ ఐదుగురికి టికెట్లంటే ఆ రోజు బడ్జెట్ అక్కడే అయిపోతుంది. మ్యూజియాలతో అలిసిపోయామని ఆవిడే రాశారు. చాట్స్‌వర్త్ పార్కులో నడవడానికి టికెట్ లేదు, కారు పెట్టడానికే డబ్బు. నది ఒడ్డున గడ్డిలో జింకలు, గొర్రెలు, వంతెన మీద నుంచి ఎదురుగా ఆ భవనం. మోకాళ్లు నొప్పులున్నవాళ్లు బెంచీ మీద కూర్చుని గంటసేపు చూడొచ్చు. పార్కు అవతల ఎడెన్సర్ అనే ఊరుంది. ఆరో డ్యూకు కాలంలో ఇంటి నుంచి కనపడే పాత ఇళ్లను తీసేసి ఊరినే పక్కకు జరిపి కట్టించారు. ఒక ఇంటి రూపం ఇంకో ఇంటికి లేదు. అక్కడి చర్చి ఆవరణలోనే కెనడీ చెల్లెలు క్యాథ్లీన్ సమాధి ఉంది. ఆవిడ ఈ ఇంటి కోడలు. 1963 జూన్‌లో అమెరికా అధ్యక్షుడిగా ఉండగా కెనడీ ఆ సమాధి చూడటానికి వచ్చాడు.

గుంటూరు గోంగూర | నాటింగ్‌హామ్

మీరన్నది నిజమే గానీ, ఆ తోట చూడకుండా రావడం నాకు మనసొప్పదు. తోట ఒక్కదానికి టికెట్ విడిగా ఇస్తున్నారేమో చూసుకోండి వాడరేవు గారూ. పిల్లాడు నీళ్ల ఫౌంటెన్ల దగ్గర్నుంచి కదలడు.

మగ్గం చప్పుడు | లెస్టర్

వాడరేవు గారూ, మీ నాన్నగారు చేనేత సంఘంలో పనిచేశారని చదవగానే ఈ పోస్టు రాయాలనిపించింది. మాది పొందూరు. మీరు కోవెంట్రీ నుంచి డెర్బీ మీదుగా ఏ6 రోడ్డులో బేక్‌వెల్ వెళితే దారిలోనే క్రామ్‌ఫర్డ్ తగులుతుంది. అక్కడ తప్పకుండా ఆగండి.

1771లో రిచర్డ్ ఆర్క్‌రైట్ నీటి బలంతో నూలు వడికే మిల్లు అక్కడ కట్టాడు. పక్కనున్న సీసపు గనుల నుంచి బయటికొచ్చే నీరు కాస్త గోరువెచ్చగా ఉండేది, చలికాలంలోనూ గడ్డకట్టేది కాదు. ఆ నీటి కోసమే ఈ మూలకు వచ్చాడు. పగలు, రాత్రి పన్నెండేసి గంటల షిఫ్టులు. చిన్నపిల్లలు కూడా పనిచేసేవారు. ఇప్పుడు డెర్వెంట్ లోయలోని ఈ మిల్లులన్నీ కలిపి యునెస్కో వారసత్వ ప్రదేశం.

మన వైపుకు దీనికీ లంకె ఉంది. మచిలీపట్నం నుంచి, కోరమండల్ తీరం నుంచి వచ్చే అద్దకం బట్టలు అప్పట్లో ఇంగ్లండును ఊపేశాయి. ఇక్కడి ఉన్ని, పట్టు నేతగాళ్లు గోలపెట్టడంతో ఆ బట్టల దిగుమతిని ఆపారు. 1721 చట్టంతో ప్రింటు వేసిన నూలు బట్ట కట్టడం, అమ్మడం కూడా నిషేధించారు. ఇక్కడ వడికే నూలుకు పడుగుగా నిలిచే బలం ఉండేది కాదు, అందుకని నార దారం పడుగు, నూలు పేక వేసి నేసేవారు. ఆర్క్‌రైట్ యంత్రం నూలు పడుగునే ఇవ్వగలిగింది. అప్పుడు ఆయనే పార్లమెంటును అడిగి, 1774లో ఇక్కడ తయారైన అచ్చమైన నూలు బట్టకు అనుమతి తెచ్చుకున్నాడు. తర్వాత మన మగ్గాలకు ఏమైందో నాన్నగారికి నేను చెప్పక్కర్లేదు.

మిల్లు చూశాక ఊళ్లోకి నడిచి నార్త్ స్ట్రీట్ చూపించండి. 1776లో పనివాళ్ల కోసం కట్టిన మూడంతస్తుల ఇళ్ల వరస. తలెత్తి పై అంతస్తు చూడమనండి. కింది కిటికీలకంటే అక్కడివి వెడల్పుగా ఉంటాయి. ఎందుకంటే పైన మగ్గం. ఆడవాళ్లు, పిల్లలు మిల్లులో నూలు వడికితే, మగవాళ్లు ఆ వెలుగులో ఇంట్లో నేసేవారు. మా తాతగారి గుంట మగ్గం కిటికీ పక్కనే ఎందుకుండేదో నాకు ఆ వీధిలో నిలబడినప్పుడు అర్థమైంది.

అమ్మగారికి భోజనం కూడా అక్కడే. చెరువు ఎదురుగా స్కార్తిన్ బుక్స్ అని పాత పుస్తకాల దుకాణం ఉంది. లోపల చిన్న శాకాహార కేఫ్. సూపు, రొట్టె, వేడివేడిగా ఏదో ఒకటి ఉంటుంది. లోపల ఇరుకు, చోటు తక్కువ. పన్నెండింటికే వెళ్లండి.

వాడరేవు | కోవెంట్రీ

మగ్గం చప్పుడు గారూ, మీ పోస్టు నాన్నగారికి చదివి వినిపించాను. మళ్లీ చదవమన్నారు. "పడుగు నార, పేక నూలు" దగ్గర ఆపి, అలా నేస్తే బట్ట ఉతికాక ఎలా ముడుచుకుంటుందో అరగంట చెప్పారు. క్రామ్‌ఫర్డ్ ఖాయం.

ఇక గుహలు. బాబు రోజూ అడుగుతున్నాడు. అమ్మ కూడా చూడగలిగేది ఉందా?

కొండగాలి | షెఫీల్డ్

కాజిల్‌టన్‌లో నాలుగు గుహలు ఉన్నాయి. స్పీడ్‌వెల్ అయితే పడవలో వెళ్లాలి. పాత సీసపు గని సొరంగం, తల వంచుకుని కూర్చోవాలి, రాయి తల మీదికి వచ్చినట్టే ఉంటుంది. మీ వాడు ఎగిరి గంతేస్తాడు. కానీ నూటికి పైగా మెట్లు దిగాలి, మళ్లీ అవే ఎక్కాలి. అమ్మగారికి వద్దు. పీక్ కేవర్న్ ముఖద్వారం ఎంత పెద్దదంటే, వందల ఏళ్లపాటు తాళ్లు పేనేవాళ్లు ఆ నోట్లోనే పనిచేశారు. ట్రీక్ క్లిఫ్, బ్లూ జాన్ గుహల్లో ఊదా, పసుపు చారలుండే రాయి దొరుకుతుంది. ఆ బ్లూ జాన్ రాయి ఈ కొండలో తప్ప ఇంకెక్కడా లేదు. ఊళ్లో దాంతో చేసిన ఉంగరాలు, లాకెట్లు అమ్ముతారు.

అమ్మగారితో కలిసి చూడాలంటే బక్స్‌టన్ వెళ్లి పూల్స్ కేవర్న్ చూడండి. దారి చదునుగా, మెట్లు తక్కువగా, పట్టుకోవడానికి రెయిలింగుతో ఉంటుంది. గైడుతోనే పంపిస్తారు. ఏడాదంతా లోపల చల్లగానే ఉంటుంది, ఆవిడకు శాలువా ఇవ్వండి. బయటికొచ్చి ఊళ్లోకి వెళితే క్రెసెంట్ అనే అర్ధచంద్రాకారపు భవనం ఎదురుగా సెయింట్ ఆన్స్ వెల్ ఉంది. భూమిలోంచి గోరువెచ్చగా వచ్చే నీరు, ఎవరైనా ఉచితంగా పట్టుకోవచ్చు. సూపర్‌మార్కెట్లో ఆ ఊరి పేరుతో అమ్మే బాటిల్ నీళ్లు కొనేవాళ్లం కదా, అక్కడ ఊరివాళ్లు క్యాన్లు తెచ్చుకుని నింపుకుంటుంటారు.

చార్మినార్ చాయ్ | మాంచెస్టర్

పెద్దాయనకు మామ్ టోర్ చూపించండి! 517 మీటర్లు. మామ్ నిక్ కార్ పార్కు నుంచి పైదాకా రాళ్లు పరిచిన దారే. ఇరవై నిమిషాలు. పైన ఇటు ఈడేల్ లోయ, అటు హోప్ లోయ.

పుల్లట్టు | స్టాక్‌పోర్ట్

నేలను కూడా చూడమని చెప్పండి. ఆ కొండ పక్కభాగం మెత్తటి రాయి, ఎప్పుడూ కిందికి జారుతూ ఉంటుంది. దాని మీదుగా వేసిన పెద్ద రోడ్డు మరమ్మతు చేసిన ప్రతిసారీ విరిగింది. 1979లో ఇక చాలని మూసేశారు. తారు పొరలు మెట్లలా విరిగి, మధ్యలో తెల్ల గీత వంకరపోయి ఇప్పటికీ అలాగే ఉంది. బాబు దాని మీద నడవొచ్చు.

నడకమ్మ | హడర్స్‌ఫీల్డ్

మీరంతా చెప్పినవి బాగున్నాయి, కానీ జాగ్రత్తలు చెప్పకుండా పెద్ద వయసు మనిషిని కొండెక్కించకండి. నేను ఈ కొండల్లో వారం వారం నడుస్తాను. సెప్టెంబరు చివర్లో సాయంత్రం ఏడు గంటలకల్లా సూర్యుడు దిగిపోతాడు. కింద కాజిల్‌టన్‌లో ఎండ ఉన్నా పైన గాలికి మనిషి ఊగిపోతాడు. చెప్పులు, కాన్వాసు బూట్లు పనికిరావు, తడిరాయి మీద జారతాయి. వాన కోటు, స్వెటర్, నీళ్లు, ఏదైనా తీపి సంచిలో ఉండాలి. లోయల్లో ఫోన్ సిగ్నల్ పోతుంది, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. కాగితం మ్యాప్ కావాలంటే ప్రభుత్వ మ్యాపుల సంస్థ ఆర్డ్‌నన్స్ సర్వే వాళ్లవి రెండున్నాయి: డార్క్ పీక్‌కు ఓఎల్1, వైట్ పీక్‌కు ఓఎల్24. ఎవరికైనా దెబ్బ తగిలితే 999కి చేసి, పోలీస్ అడిగి, మౌంటెన్ రెస్క్యూ కావాలని చెప్పాలి.

పొలాల గుండా దారి ఉంటే పసుపు బాణం కాలిబాట, నీలం బాణం గుర్రాలకూ సైకిళ్లకూ కూడా. గేటు ఎలా ఉంటే అలాగే వదలాలి. తీసి ఉంటే తీసే, వేసి ఉంటే వేసే. ఆవులూ దూడలూ కలిసి ఉన్న పొలంలో వాటి మధ్యలోంచి వెళ్లకండి, చుట్టూ తిరిగి వెళ్లండి.

ఈ కొండల మీద మనం ఇలా స్వేచ్ఛగా నడుస్తున్నామంటే దాని వెనక పోరాటం ఉంది. కిండర్ స్కౌట్ ఒకప్పుడు దొరల వేట భూమి, మామూలు జనాన్ని రానిచ్చేవారు కాదు. 1932 ఏప్రిల్ 24న మాంచెస్టర్ మిల్లు పనివాళ్లు, కుర్రవాళ్లు వందల మంది హేఫీల్డ్ నుంచి కట్టగట్టుకుని ఎక్కారు. ఐదుగురిని జైల్లో వేశారు. నాన్నగారికి ఈ సంగతి చెప్పి ఆ కొండను చూపించండి. మామ్ టోర్ మీద నుంచి ఉత్తరానికి చూస్తే ఎదురుగా పరుచుకుని ఉంటుంది.

వాడరేవు | కోవెంట్రీ

నడకమ్మ గారూ, అన్నీ రాసుకున్నాను. ఆ సమయంలో అమ్మ ఏం చేయాలి? కారులో కూర్చోబెట్టడం నాకు ఇష్టం లేదు.

నడకమ్మ | హడర్స్‌ఫీల్డ్

అమ్మగారికీ నడక ఉంది. మాన్సల్ ట్రెయిల్ అని పాత రైలు దారి, ఎనిమిదిన్నర మైళ్లు. 1968లో రైళ్లు ఆగిపోయాయి, 2011లో సొరంగాలు కూడా జనానికి తెరిచారు. రైలు దారి కాబట్టి ఎత్తుపల్లాలు లేవు, వీల్‌చెయిర్లు కూడా వెళతాయి. హాసప్ స్టేషన్‌లో కారు పెట్టండి. అక్కడ కేఫ్, పుస్తకాల దుకాణం, అద్దె సైకిళ్లు ఉన్నాయి. బాబు, నాన్న సైకిల్ మీద సొరంగాల్లోకి వెళతారు, అమ్మగారు ఓపికున్నంత దూరం నడిచి వెనక్కి వచ్చి టీ తాగుతారు. సొరంగంలో పగలు దీపాలుంటాయి, గోడల నుంచి నీటి చుక్కలు పడుతుంటాయి, మాట్లాడితే మోగుతుంది. ఒక సొరంగం దాటగానే ఎత్తైన వంతెన మీదికి వస్తారు, కింద వై నది. నడవలేకపోతే కారులో మాన్సల్ హెడ్‌కు తీసుకెళ్లండి. ఆ వంతెన, లోయ అంతా గోడ దగ్గర నిలబడి చూడొచ్చు, పక్కనే పబ్బు, టీ.

తెనాలి టీ కొట్టు | డెర్బీ

ఈమ్ అనే ఊరు కూడా వెళ్లగలిగితే వెళ్లండి అక్కా. బేక్‌వెల్‌కు దగ్గరే. 1665లో లండన్ నుంచి ఒక దర్జీ ఇంటికి వచ్చిన బట్టల మూటలో ఈగలతో ప్లేగు వచ్చింది. మరుసటి ఏడాది చర్చి ఫాదర్ మాంపెసన్, అంతకుముందు ఫాదర్ స్టాన్లీ ఇద్దరూ కలిసి ఊరివాళ్లకు నచ్చజెప్పారు: మనం ఊరు దాటొద్దు, చుట్టుపక్కల ఊళ్లకు అంటించొద్దు అని. బయటివాళ్లు తిండి తెచ్చి పొలిమేర రాయి దగ్గర పెట్టేవారు. వీళ్లు ఆ రాయికి తవ్విన గుంటల్లో వెనిగర్ పోసి డబ్బు అందులో వేసేవారు. ఆ గుంటలు ఇప్పటికీ ఉన్నాయి, వేలు పెట్టి చూడొచ్చు. 260 మంది పోయారు. ఎలిజబెత్ హాన్‌కాక్ అనే ఆవిడ ఎనిమిది రోజుల్లో భర్తను, ఆరుగురు పిల్లలను తన చేతులతోనే పూడ్చింది. ఆ సమాధులు పొలంలో చిన్న రాతి గోడ మధ్య ఉన్నాయి. ఇళ్ల ముందు ఎవరెవరు పోయారో పలకలు ఉంటాయి. కరోనా రోజుల్లో అయినవాళ్లను పోగొట్టుకున్నాం, నాకైతే ఆ పేర్లు చదువుతుంటే గొంతు పట్టేసింది. ఎనిమిదేళ్ల పిల్లాడికి ఎంతవరకు చెప్పాలో మీరే చూసుకోండి.

చిన్న సవరణ: 'ఈగలతో' అని రాశాను, అవి ఎలుకల మీద ఉండే గోమార్ల లాంటి చిన్న పురుగులు, ఫ్లీ అంటారు.

వాడరేవు | కోవెంట్రీ

మీ అందరి సలహాలతో ప్లాన్ ఇలా వేశాను. బేక్‌వెల్‌లో కింద బెడ్రూమ్, బాత్రూమ్ ఉన్న కాటేజీ దొరికింది. మూడు రాత్రులైతేనే ఇస్తామన్నారు, సోమవారం పొద్దున పదింటికి ఖాళీ చేయాలి. మా ఆయన సోమవారం సెలవు పెట్టారు.

శుక్రవారం క్రామ్‌ఫర్డ్, అక్కడే భోజనం, సాయంత్రానికి బేక్‌వెల్. శనివారం పొద్దున బక్స్‌టన్ గుహ, మధ్యాహ్నం మాన్సల్ ట్రెయిల్. ఆదివారం పొద్దున్నే నాన్నగారు, మా ఆయన, బాబు మామ్ టోర్ ఎక్కుతారు. అమ్మా నేనూ కాజిల్‌టన్‌లో టీ, బ్లూ జాన్ ఉంగరాలు. మధ్యాహ్నం ఒంటిగంటకు పబ్బులో టేబుల్ చెప్పాను, ఇద్దరికి నట్ రోస్ట్. తర్వాత చాట్స్‌వర్త్ పార్కు. ఈమ్ ఆదివారం సాయంత్రం వెలుగుంటే చూస్తాం, లేకపోతే ఇంకోసారి.

సోమవారం పొద్దున ఏం చేయొచ్చు?

కొండగాలి | షెఫీల్డ్

సోమవారం ఉంటే మీ అదృష్టం. బేక్‌వెల్ సంత సోమవారమే! ఊరి మధ్యలో బట్టలు, చీజ్, కూరగాయల కొట్లు, నది అవతల పశువుల సంత. రైతులు తెచ్చిన గొర్రెలను, ఆవులను వేలం వేస్తారు. వేలం వేసేవాడి నోటి వేగం, కొనేవాళ్ల కనుసైగలు చూస్తూ నాన్నగారు అక్కడే ఉండిపోతారు. పిల్లాడిని చెయ్యి వదలకండి, పశువులను నడిపించే దారుల్లో నిలబడకండి.

పల్లెటూరు చూడాలన్నారు కదా, మిగతావన్నీ ఒక ఎత్తు, ఇదొక ఎత్తు. ప్లాన్‌లో ఇంకేమీ కలపొద్దు. చాట్స్‌వర్త్ దగ్గర సాయంత్రం ఎండ బావుంటే ఈమ్ వదిలేసి అక్కడే కూర్చోండి.

వాడరేవు | కోవెంట్రీ

పశువుల సంత అనగానే నాన్నగారు బ్యాగు సర్దడం మొదలుపెట్టారు. సంత రోజు కారు ఎక్కడ పెట్టాలి? కాటేజీ పార్కింగ్ పదింటి దాకానే.

తెనాలి టీ కొట్టు | డెర్బీ

నది అవతల పశువుల సంత పక్కనే పెద్ద కార్ పార్కు ఉంది అక్కా. తొమ్మిదికల్లా కారు అక్కడ పెట్టేయండి, తర్వాత దొరకడం కష్టం. అక్కడి నుంచి కాలినడక వంతెన దాటితే నేరుగా ఊళ్లోకి వస్తారు. వంతెన కింద పెద్ద పెద్ద ట్రౌట్ చేపలు కనపడతాయి, బాబుకు చూపించండి. తిరిగొచ్చేటప్పుడు మా ఇంటి మీదుగానే వెళతారు. మధ్యాహ్నం భోజనానికి ఆగండి, అమ్మగారికి గుడ్డు లేకుండా అన్నీ వండిస్తాను. అడ్రస్ మెసేజ్‌లో పంపుతున్నా.